వంశపారంపర్య గుండె కండర వ్యాధి: సీక్వెన్సింగా, ఎమ్‌ఎల్‌పీఏనా?

వంశపారంపర్యంగా వచ్చే గుండె కండర వ్యాధికి కారణమయ్యే జన్యులోపాల్లో అధికభాగం చిన్న చిన్న డీఎన్‌ఏ అక్షర మార్పులే కాబట్టి, మొదటి పరీక్షగా సీక్వెన్సింగే (ఆ అక్షరాలను వరుసగా చదవడమే) సబబు. అయితే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో ఎక్సాన్ (ప్రొటీన్ తయారీకి సూచనలుండే జన్యు భాగం) మొత్తంగా లోపిస్తే, రెండో ప్రతి సవ్యంగానే కనిపిస్తుంది గనుక, ఆ లోపం మామూలు సీక్వెన్సింగ్ కళ్లు కప్పవచ్చు. ఎమ్‌ఎల్‌పీఏ అనే మరో పరీక్ష జన్యు భాగాల ప్రతులను లెక్కిస్తుంది: రెండు ప్రతులుండే జన్యువులో, మామూలు నమూనాతో పోల్చిన నిష్పత్తి 1 దగ్గరుంటే మామూలు, 0.5 అయితే ఒకటి లోపించినట్టు, 1.5 అయితే ఒకటి అదనంగా చేరినట్టు. కాకపోతే ప్రోబ్ (ఆ పరీక్షలో వాడే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కునే చోట చిన్న అక్షర మార్పున్నా లోపమున్నట్టే భ్రమపెట్టగలదు కనుక, ఒకే ఎక్సాన్‌లో కనిపించిన లోపాన్ని మరో పద్ధతిలో నిర్ధారించుకోవాలి. కండరాల క్షీణతతో పాటు గుండె కండర వ్యాధికీ కారణమయ్యే డీఎమ్‌డీ జన్యువులో పెద్ద లోపాలే ఎక్కువ గనుక అక్కడ నా మొగ్గు ఎమ్‌ఎల్‌పీఏకే. గుండె కండర వ్యాధికి తరచూ కారణమయ్యే మరో జన్యువు ఎమ్‌వైహెచ్‌7లో అవి అరుదు. ఇప్పుడు సీక్వెన్సింగ్ డేటా నుంచే ప్రతుల సంఖ్యను అంచనా వేసే ప్యానెళ్లూ (పలు జన్యువులను ఒకేసారి చూసే పరీక్షలు) ఉన్నాయి. నివేదికలో ఆ విశ్లేషణ జరిగిందో లేదో ముందుగా చూడాలి.