పికాసోల దగ్గర ఆగిపోకుండా గదుల్లోకి: పారిస్‌లో 2019-20 షార్లొట్ పెరియాన్ ఎగ్జిబిషన్

ఫ్రెంచ్ ఆర్కిటెక్టు, ఫర్నిచర్ డిజైనర్ షార్లొట్ పెరియాన్ ఎగ్జిబిషన్ పారిస్‌లో, హ్యాండ్‌బ్యాగుల కంపెనీ లూయీ విటాన్ పేరున్న మ్యూజియం ఫొందాసియోన్ లూయీ విటాన్‌లో, 2020 ఫిబ్రవరి 24 దాకా జరిగింది; ఆ చలికాలం వెళ్లి చూశాం. ఆవిడ పోయి 20 ఏళ్లయిన సందర్భంగా ఫ్రాంక్ గేరీ డిజైన్ చేసిన ఆ గాజు తెరచాపల భవనాన్ని కింది నుంచి పై దాకా ఆవిడకే కేటాయించారు. కుర్చీలు, బల్లలు చూడ్డానికి టికెట్ కొనాలా, షోరూముకి వెళ్తే ఊరికే చూడొచ్చు కదా అని మా ఇంట్లో ఒకరు అన్నారు. బయటికొచ్చాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

1928 నాటి స్టీలు గొట్టాల పడక్కుర్చీని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, ప్రపంచమంతా దాని నకళ్లే. దశాబ్దాల పాటు అది చండీగఢ్ నగరాన్ని గీసిన ఆర్కిటెక్టు లె కార్బూజియే కుర్చీగానే చలామణీ అయింది. నిజానికి ఆయన, ఆయన కజిన్ పియర్ జాన్నరే, పెరియాన్ ముగ్గురూ కలిసి చేసిన పని అది. (మన చండీగఢ్ ఆఫీసు కుర్చీలు, ఇప్పుడు వేలంలో లక్షలు పలుకుతున్నవి, ఆ జాన్నరేవే.) ఎగ్జిబిషన్‌లో దాని దగ్గర కాస్త వంగి కింద చూశాను. పైన విల్లులా వంచిన గొట్టం, కింద స్టాండు, రెండింటినీ పట్టి ఉంచే బోల్టూ లేదు, స్క్రూ లేదు. స్టాండు అడ్డకమ్మీలకు రబ్బరు తొడిగారు, ఆ రాపిడికీ మన బరువుకీ పైభాగం కదలకుండా ఉంటుంది. కాళ్లు ఇంకాస్త పైకి కావాలంటే ఎత్తి జరుపుకోవడమే.

1940లో జపాన్ ప్రభుత్వం పిలిస్తే సలహాదారుగా వెళ్లిన ఆవిడ, అదే కుర్చీని అక్కడ వెదురుబద్దలతో చేయించింది. నన్నడిగితే స్టీలుదాని కంటే ఇదే బాగుంది.

అసలు ఎగ్జిబిషన్ ప్రాణమంతా మళ్లీ కట్టి చూపించిన గదుల్లో ఉండేది. 1929లో సలోన్ దోతోన్ అనే పారిస్ కళా ప్రదర్శన కోసం చేసిన ఇంటి లోపలి భాగం, 1935 బ్రస్సెల్స్ ప్రదర్శన నాటి యువకుడి గది, 1934లో గీసిన నీటి ఒడ్డు ఇల్లు. అన్నిటికంటే నేను ఎక్కువసేపు నిలబడింది పీపా ఆకారంలో ఉన్న అల్యూమినియం కొండ గుడిసె దగ్గర. రంగులరాట్నం నుంచి వచ్చిన ఆలోచనట, 1938లో జాన్నరేతో కలిసి గీసింది, ఆ రోజుల్లో కాగితం మీదే ఉండిపోయింది. అంత చిన్నదాంట్లో 8 మంది పడుకోవాలి, పొయ్యి ఉండాలి, తడిసిన సామాను ఆరాలి. ఆవిడ స్వయంగా కొండలెక్కే మనిషి కాబట్టే ఆ లెక్క కుదిరింది.

ఆల్ప్స్ కొండల్లోని లెజార్క్ స్కీ రిసార్ట్ భాగం చాలామంది గబగబా దాటేశారు, అలా చేయాల్సింది కాదు. వయసు 60 దాటాక ఆవిడ మొదలుపెట్టి దాదాపు 20 ఏళ్లు చేసిన పని. మంచు వల్ల అక్కడ ఏడాదిలో కొన్ని నెలలే కట్టుబడి సాగుతుంది, అందుకని బాత్రూములను పాలియెస్టర్‌తో ఫ్యాక్టరీలోనే అచ్చుపోసి, క్రేన్‌తో తెచ్చి బిగించారు. వంటిల్లు హాల్లోకే తెరిచి ఉంటుంది, వండేవాళ్లు గోడకి మొహం పెట్టుకుని ఒంటరిగా ఉండకూడదని. మన పోపు ఘాటుకి ఓపెన్ కిచెన్ ఎంతవరకు నప్పుతుందనేది వేరే సంగతి, కానీ వండేవాళ్ల వైపు నుంచి ఇల్లు గీసిన ఆర్కిటెక్టులు అప్పట్లో ఎంతమంది?

నచ్చనిది ఒకటుంది. పికాసో, లెజే, కాల్డర్ అంటూ పేరున్న కళాకారుల పెద్దపెద్ద కళాఖండాలు మరీ ఎక్కువ పెట్టారు. లెజే అంటే స్నేహితుడు, కలిసి పనిచేశాడు, సరే. మిగతావాటి ముందు జనం ఫోన్లు పట్టుకుని గుంపులు కట్టడంతో, పక్కనే ఉన్న బల్ల ఎవరికీ కనపడలేదు. పైగా 1936లో పారిస్ పేదల ఇరుకు బతుకుల మీద ఆవిడ ఫొటోలు కత్తిరించి అతికించి చేసిన ఆ పెద్ద ఫొటోమాంటేజ్‌ని హ్యాండ్‌బ్యాగుల డబ్బుతో కట్టిన భవనంలో చూడటం కొంచెం వింతగానే అనిపించింది. అందరికీ అందాలని గీసిన సామాను ధరలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు.

కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి ఎక్కితే మూడు గంటలు పెట్టుకోవాల్సి వచ్చేది, ఆవిడ 90వ ఏట యునెస్కో కోసం చేసిన వెదురు టీ హౌస్ చూడకుండా దిగిపోకూడదు. అప్పట్లో పారిస్‌లో రవాణా సమ్మె జరిగినా, మెట్రో లైన్ 1 డ్రైవర్ లేని రైలు కాబట్టి నడుస్తూనే ఉండేది, లె సాబ్లోన్‌లో దిగి కాస్త నడవాలి. పిల్లలుంటే అదే టికెట్‌తో పక్కనున్న జార్దాన్ దాక్లిమతాసియోన్ పార్కులోకి కూడా వెళ్లే వీలుండేది, అందులో ఆటలకు మాత్రం విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది.