401కె జమ కాకపోతే హెచ్‌ఆర్‌ని అడగాలా, ఉత్తరం రాయాలా: ఏది మేలు?

అమెరికాలో చిన్న కన్సల్టింగ్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "పే స్టబ్‌లో 401కె (జీతంలోంచి కోసి రిటైర్మెంట్ కోసం దాచే పొదుపు) కోత కనిపిస్తోంది, అకౌంట్‌లో మాత్రం పడలేదు. అడిగితే ఉద్యోగం ఊడుతుందా?" హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు.

ఇలాంటి ప్లాన్‌లలో ఉద్యోగుల హక్కులను కాపాడే 1974 నాటి ఫెడరల్ చట్టం ఎరిసా. అందులోని సెక్షన్ 510 కంపెనీ కక్షసాధింపుకు రెండు రకాలుగా అడ్డుపడుతుంది. ప్లాన్ కింద ఉన్న హక్కును వాడుకున్నందుకు, లేదా విచారణలో సమాచారం ఇచ్చినందుకు కక్షగట్టి తీసేయకూడదు.

హెచ్‌ఆర్‌కి నోటిమాటగా చెబితే చాలాసార్లు పనైపోతుంది. పేరోల్ పొరపాటైతే సరిచేస్తారు. అయితే రక్షణ దగ్గరే చిక్కు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్‌లకు వర్తించే ఫెడరల్ అప్పీలు కోర్టులు ఆఫీసులో చేసిన ఫిర్యాదుకూ రక్షణ ఉందన్నాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలు కిందికొచ్చే థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2010లో లేదంది. ఆ కేసులో ఉద్యోగం పోగొట్టుకున్నది సాక్షాత్తూ హెచ్‌ఆర్ డైరెక్టరే! ఎవరూ అడగకుండా తనంతట తాను పైవాళ్లకు ఫిర్యాదు చేసింది కాబట్టి అది విచారణ కిందికి రాదన్నారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నవాళ్లకు ఒక న్యాయం, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్లకు ఇంకో న్యాయం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అందుకే నా ఓటు ఉత్తరానికి. ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌కి (ప్లాన్‌ను నడిపే బాధ్యత ఉన్నవాళ్లకి) రాసి సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ (ప్లాన్ నియమాల వివరణ), తాజా ఫామ్ 5500 (ప్లాన్ వార్షిక నివేదిక) కాపీలు అడగండి. ఇది ఫిర్యాదు కాదు, చట్టం మీకిచ్చిన హక్కు. 30 రోజుల్లో ఇవ్వకపోతే కోర్టు రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తేదీతో సహా రుజువు మిగులుతుంది. కక్షతోనే తీసేశారని చూపించాల్సింది మీరే కదా! సొంత ఈమెయిల్ నుంచే పంపండి. తీసేసిన రోజే ఆఫీసు లాగిన్ ఆగిపోతుంది. పే స్టబ్‌లు, అకౌంట్ స్టేట్‌మెంట్లు కూడా ఇంట్లో దాచుకోండి.

జవాబు రాకపోయినా, నెలల తరబడి డబ్బు జమ కాకపోయినా లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి ప్లాన్‌లను పర్యవేక్షించే విభాగం ఎబ్సాకి (EBSA) ఫోన్ చేయండి. ఖర్చేమీ లేదు. వాళ్లు విచారణ మొదలుపెట్టి అడిగినప్పుడు మీరిచ్చే సమాచారానికి 510 రక్షణ సూటిగా వర్తిస్తుంది.

నేరుగా కోర్టుకెళ్లడం చివరి దారి. ఉద్యోగం తిరిగి ఇప్పించమని అడగొచ్చు గానీ చాలా కాలం పడుతుంది. ఇప్పటికే తీసేసి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా లాయర్‌ని కలవండి, దావా గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.