గేమ్ ఆడితే కాలిపోతున్న లాప్‌టాప్: కూలింగ్ ప్యాడా, పేస్టా, ఏసీనా, ఎఫ్‌పీఎస్ తగ్గించడమా?

మా మేనల్లుడు వైజాగ్ జ్ఞానాపురంలో ఉంటాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం భుజాన లాప్‌టాప్ బ్యాగు, చేతిలో కొత్త కూలింగ్ ప్యాడ్ (లాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక) పెట్టె పట్టుకుని ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చాడు. "ఏటి మావయ్యా ఇది, పదిహేడు వందలు పోసి కొన్నాను. లైట్లయితే బాగా వెలుగుతున్నాయి. గేమ్ మాత్రం పావుగంటకే నత్తనడక" అన్నాడు. షాపులో వాడికి చెప్పిన మాట ఒక్కటే: "ప్యాడ్ పెట్టుకో బాబూ, సరిపోద్ది."

సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో తెలిస్తే మిగతా మూడు దారుల్లో ఏది పట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

ముందు వేడెంతో కొలవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి వాడి చేత గేమ్ ఆడించాను. వాడిది ఇంటెల్ ఐ7-10750హెచ్ ప్రాసెసర్. దాని మామూలు వేగం 2.6 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే బరువు పడినప్పుడు కాసేపు వేగం పెంచుకుంటే, 5 దాకా పోతుంది. దానికి పెట్టిన హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరకి రాగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. గేమ్ మొదట్లో నున్నగా నడిచి, కాసేపటికి 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి గీసే బొమ్మల లెక్క) కాస్తా 30కి పడిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే. మావాడిది పన్నెండు నిమిషాల్లో 97కి వెళ్లింది. గేమింగ్ లాప్‌టాప్ 80లలో నడవడం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. 95 దాటి అక్కడే కూర్చుంటే మాత్రం ఆలోచించాలి.

ఆ తర్వాతి పరీక్షకి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. గేమ్ నడుస్తుండగా లాప్‌టాప్ వెనకో పక్కనో గాలి బయటికి వచ్చే జాలీ దగ్గర అరచెయ్యి పెట్టండి. గాలి జోరుగా, చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడిగా వస్తోందంటే కూలింగ్ తన పని తాను చేస్తోంది, మీరు పెట్టిన బరువే ఎక్కువ. ఫ్యాన్ మోత మోగిపోతోంది కానీ గాలి సన్నగా వస్తోందంటే దారిలో దుమ్ము అడ్డం పడింది. గాలి జోరుగానే ఉండి గోరువెచ్చగా మాత్రమే తగులుతూ, స్క్రీన్ మీద మాత్రం 97 కనిపిస్తోందంటే చిప్‌లోని వేడి అసలు బయటికే చేరట్లేదు. అది చిప్ మీద పూసే థర్మల్ పేస్టు సమస్య, దాని సంగతి తర్వాత చెబుతాను. గేమ్ మొదలెట్టిన కొన్ని సెకన్లలోనే 95కి ఎగబాకడం కూడా దానికే గుర్తు. మోతా లేదు, గాలీ లేదంటే ఫ్యాన్ పోయింది. కొత్త ఫ్యాన్ వేయించేదాకా గేమ్ ముట్టుకోవద్దు.

మావాడి జాలీ దగ్గర గాలి దీపం ఆర్పేంత కూడా లేదు.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. లాప్‌టాప్ అడుగున ఉన్న రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోయి, రాగి రేకుల మధ్య నుంచి వేడిని మోసుకుంటూ బయటికి రావాలి. ఆ రేకుల ముందే దుమ్ము తెట్టు కట్టేస్తే కింద ఎన్ని ఫ్యాన్లు తిరిగినా ఏం లాభం? తలుపులన్నీ మూసిన ఇంటికి గుమ్మం బయట టేబుల్ ఫ్యాన్ పెట్టినట్టే. పైగా మామూలు ప్యాడ్‌కి యూఎస్‌బీ పోర్టు నుంచి వచ్చే కరెంటు రెండున్నర వాట్లే, దాంతో తిరిగే ఫ్యాన్ ఏపాటి గాలి ఇస్తుంది? ప్యాడ్ చేసే అసలు మేలు లాప్‌టాప్‌ని కాస్త పైకి లేపడం. ఆ మేలు వెనక వైపు రెండు రబ్బర్లు పెట్టినా దక్కుతుంది. నేను రెండు సీసా మూతలు పెట్టి చూశాను. ప్యాడ్ మీద ఉన్నప్పటికీ మూతల మీద ఉన్నప్పటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే. చుట్టూ స్పాంజి ఉండి, లాప్‌టాప్ అడుక్కి అతుక్కుని గట్టిగా గాలి కొట్టే ఖరీదైన ప్యాడ్లు కొన్ని ఉన్నాయి. అవి బాగానే పనిచేస్తాయి. కానీ ఆ మోతకి ఇంట్లో వాళ్లు ఊరుకోరు.

ఇంకో సంగతి మన వైజాగ్ వాళ్లం తరచూ మర్చిపోతాం. ఫ్యాన్ కింద కూర్చుంటే మనకి హాయిగా ఉండడానికి ముఖ్య కారణం చెమట ఆరడం. గదిలో గాలి 34 డిగ్రీలుంటే ఫ్యాన్ తిరిగినా అది 34 డిగ్రీలే. చిప్‌కి చెమట పట్టదు. ప్యాడ్ అయినా సీలింగ్ ఫ్యాన్ అయినా గది గాలి కంటే చల్లగా దేన్నీ చేయలేవు.

మన ఊరి ఉక్కపోత నేరుగా చిప్‌ని వేడెక్కించదు కానీ దొడ్డిదారిన దెబ్బ తీస్తుంది. ఎండిన దుమ్మయితే గట్టిగా ఊదితే లేచిపోతుంది. ఇక్కడి గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉంటాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో చూస్తూనే ఉంటాం. జ్ఞానాపురం, వన్ టౌన్ వైపయితే పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము సరేసరి, ఉదయం తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి అరికాలు నల్లబడుతుంది. ఈ రెండూ కలిసి రేకుల మీద వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల జిడ్డులా పట్టేస్తాయి. అందుకని పొడి ఊళ్లో ఏడాదికోసారి చేసే శుభ్రం మన దగ్గర ఆరు నెలలకోసారి చేసుకోవాలని నా లెక్క.

మావాడి లాప్‌టాప్ వెనక మూత విప్పాం. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆ గొడవ లేదు. మీది వారంటీలో ఉంటే, స్క్రూ మీద సీలు ఉంటే, ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. విప్పగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ పీకడం. రేకుల ముందు బూడిదరంగు దుమ్ము గుడ్డముక్కలా మడత పడి ఉంది, పట్టకారుతో పట్టుకుంటే మొత్తం ఒకే ముక్కగా ఊడొచ్చింది! మిగిలింది మెత్తటి బ్రష్షు, చిన్న బ్లోయర్‌తో పోయింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అది అడ్డదిడ్డమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. నోటితో మాత్రం ఊదకండి, తుంపర్లు పడతాయి.

మళ్లీ బిగించి ఆడిస్తే 97 కాస్తా 89 అయింది. పైసా ఖర్చు లేదు.

అక్కడితో ఆగొచ్చా? చాలామంది ఆగొచ్చు. కానీ మళ్లీ చెయ్యి పెట్టి చూస్తే గాలి జోరుగా ఉంది, ఉండాల్సినంత వేడిగా లేదు. నాలుగేళ్ల లాప్‌టాప్, పేస్టు ఎప్పుడూ మార్చలేదు. చిప్పూ దాని మీది రాగి పలకా కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నటి గుంతలుంటాయి. ఆ గుంతల్లో గాలి ఉంటే వేడి దాటదు. ఆ ఖాళీ నింపడానికే థర్మల్ పేస్టు. ఏళ్ల తరబడి కాగీ చల్లారీ అది ఎండిపోతుంది, పక్కలకి జరిగిపోతుంది. పలక నుంచి రేకుల దాకా వేడిని మోసేది హీట్ పైపు. దాని లోపల కొద్దిగా నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. వేడి కొసన అది ఆవిరవుతుంది, చల్లటి కొసకి పోయి మళ్లీ నీరవుతుంది, ఇడ్లీ కుక్కర్ మూతకి ఆవిరి పట్టినట్టు. పైపు సాధారణంగా చెడిపోదు, చెడేది పేస్టే.

పేస్టు మార్చడం నేను చేయలేదు, నా చేతులకి అంత ఓపిక లేదు. డాబాగార్డెన్స్‌లో తెలిసిన కుర్రాడి చేత నా ఎదుటే చేయించాను. ఎదుటే అని ఎందుకంటున్నానంటే, నా పాత లాప్‌టాప్‌కి ఇంకోచోట ఇంతకుముందు పేస్టు వేయిస్తే, రొట్టెకి వెన్న రాసినట్టు అంగుళమంతా పూసి ఇచ్చారు. పక్కనున్న మెమరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్లు (వేడి దాటించే మెత్తటి ముక్కలు) చింపేసి అలాగే మూసేశారు. అది ఉన్నదానికంటే అన్యాయం. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, చిప్ మొత్తం పలచగా కప్పేంత పేస్టు చాలు, థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్న కొత్తవి వేయాలి, స్క్రూలు వాటి పక్కన రాసిన అంకెల వరసలో బిగించాలి. ఎవరైనా "పేస్టు బదులు లిక్విడ్ మెటల్ వేసేద్దాం, ఇంకా చల్లబడుతుంది" అంటే వద్దనండి. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా దాంట్లో కరెంటు ప్రవహిస్తుంది. ఒక బొట్టు జారితే బోర్డు పోయినట్టే.

పేస్టు తర్వాత 83. అంటే దుమ్ముకి ఎనిమిది, పేస్టుకి ఆరు. మీ మెషిన్‌లో ఈ అంకెలు తారుమారు కావచ్చు, అందుకే చెయ్యి పెట్టి చూడమంటున్నాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి మాత్రం ఇంకొకటి. అది కుర్రాళ్లకి అస్సలు నచ్చదు: ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టడం. మావాడి స్క్రీన్ 60 హెర్ట్జ్. సెకనుకి 60 బొమ్మలకి మించి అది చూపించలేదు. కానీ తేలికపాటి గేమ్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు 140 బొమ్మలు గీస్తోంది. మిగతా 80 ఎవరి కోసం? వేడి కోసం. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 2020 నుంచి మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అనే సెట్టింగ్ ఉంది, అందులో 60 అని పెడితే సరి. గేమ్ మెనూల్లో ఇది మరీ ముఖ్యం. 2021లో న్యూ వరల్డ్ అనే గేమ్ బీటా (విడుదలకి ముందు పరీక్షకి ఇచ్చేది) ఆడుతుండగా కొందరి ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు పోయాయి. ఆ తర్వాత మెనూలో ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెడుతూ గేమ్‌ని మార్చారు. ఒక్క మినహాయింపు: పోటీల్లో షూటింగ్ గేములు ఆడేవాళ్లకి ఎక్కువ ఎఫ్‌పీఎస్ ఉంటే మౌస్ కదలిక కాస్త త్వరగా అందుతుంది. వాళ్ల బాధ వాళ్లది.

ఇదే వరసలో ఇంకో చిట్కా ఉంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉన్నచోట 99 పెడితే టర్బో ఆగిపోతుంది. ఒక్క శాతమే తగ్గించినట్టు కనిపిస్తుంది కానీ ఈ ప్రాసెసర్ 5 నుంచి 2.6కి దిగుతుంది. వేడి దిగ్గున పడిపోతుంది. కార్డు మీద నడిచే గేముల్లో తేడా పెద్దగా తెలియదు, ప్రాసెసర్ మీద నడిచే గేముల్లో తెలుస్తుంది. అండర్‌వోల్టింగ్ ఇంతకంటే తెలివైన పద్ధతి: వేగం అలాగే ఉంచి వోల్టేజ్ తగ్గించడం. ఖర్చయ్యే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి పదోవంతు తగ్గిస్తే ఇంచుమించు అయిదోవంతు వేడి తగ్గుతుంది. కానీ 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కి ఆ దారి మూసేశారు. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌తో చేసుకోవచ్చు.

ఏసీ? పనిచేస్తుంది, కాదనను. గది పది డిగ్రీలు చల్లబడితే చిప్ కూడా దాదాపు అంతే చల్లబడుతుంది. ప్యాడ్ చేయలేనిది ఏసీ చేస్తుంది. కానీ ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు. రోజూ నాలుగు గంటల ఆటకి నెల తిరిగేసరికి స్లాబ్ మారిపోతుంది. రేకులకి దుమ్ము పట్టి ఉండగా ఏసీ వేసుకోవడమంటే జ్వరం మాత్ర వేసి పుండుని వదిలేయడమే. ఇంకో జాగ్రత్త: ఏసీ గదిలో చల్లబడిన లాప్‌టాప్‌ని మన బాల్కనీ ఉక్కలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయకండి, కళ్లజోడుకి పట్టినట్టే లోపలా తేమ పడుతుంది.

ఏ దారి పట్టినా ముందు బ్యాటరీ చూసుకోండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా అది వేడికి ఉబ్బిన బ్యాటరీ కావచ్చు. చార్జర్ పీకేసి, వాడకం ఆపేసి, మార్పించాల్సిందే. ఎప్పుడూ చార్జర్ పెట్టే ఆడేవాళ్లకి చాలా లాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకుంటే బ్యాటరీకి మేలు.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ తిప్పుతుంటారు. రెండు రోజులకి హాయిగానే ఉంటుంది, పోర్టు దుమ్ము దగ్గర రెండు నెలలకి లోపల నల్లగా తయారవుతుంది. మూత బిగించి, ముందు నుంచి గాలి తీసుకునే ఫ్యానొకటి, వెనక నుంచి వదిలేది ఒకటి పెట్టి, ముందు వైపు జాలీని నెలకోసారి కడిగి ఆరబెడితే అంతకంటే మేలు.

మావాడికి నేను చెప్పిన వరస ఇది: ముందు ఎఫ్‌పీఎస్ హద్దు, తర్వాత దుమ్ము, ఆ తర్వాత చెయ్యి చెబితేనే పేస్టు. ప్యాడ్ చివర, అదీ మోజు ఉంటే. హద్దు కూడా పెట్టాక వాడి అంకె 76. ప్యాడ్ ఇప్పుడు మా ఇంట్లో వైఫై రౌటర్ కింద ఉంది, రాత్రిళ్లు నీలం లైటుకి బెడ్‌లైటు అవసరం లేదు. ఏసీ విషయం వాళ్ల అమ్మతో నన్ను మాట్లాడమంటున్నాడు. మా అక్క సంగతి నాకు తెలుసు, నేను మాట్లాడను.