టాగుల్ ట్రాక్: రెండేళ్లకు పైగా రోజూ వాడాక

గుంటూరు బ్రాడీపేటలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు వేసే చిన్న ఆఫీసు నాది. నేనూ, ఒక అసిస్టెంట్ అమ్మాయీ ఉంటాం. ఏ పనికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టే టాగుల్ ట్రాక్ అనే యాప్‌ని రెండేళ్లకు పైగా రోజూ వాడుతున్నాను. పని మొదలుపెట్టే ముందు దాని పేరు రాసి బటన్ నొక్కాలి, అయిపోయాక ఆపాలి. మధ్యలో ఇంకో పని మొదలుపెడితే పాతది దానంతటదే ఆగుతుంది. ప్రధానంగా అది చేసే పని ఇంతే. కానీ నా ఆఫీసు నడిచే తీరును ఇంతగా మార్చింది ఈ మధ్య ఇంకేదీ లేదు.

దీనికి ముందు డిజిటల్ వెల్‌బీయింగ్ చూసేదాన్ని. 2018లో గూగుల్ తెచ్చిన ఆ సదుపాయం ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఏ యాప్ ఎంతసేపు వాడారో, ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో చెబుతుంది. రీల్స్ తగ్గించుకోవాలనుకునేవాళ్లకు అది చాలు. నాకు చాలలేదు. వాట్సాప్ మూడు గంటలు అని చూపిస్తే, అందులో మిర్చి వ్యాపారులు పంపిన బిల్లుల ఫొటోలు చూసింది ఎంతసేపు, చుట్టాల గ్రూపులో పెళ్లి ఫొటోలు చూసింది ఎంతసేపు? ఫోన్‌కి ఆ తేడా తెలియదు. అది చెప్పాల్సింది నేనే.

టాగుల్ ఆ మాట నాచేత చెప్పిస్తుంది. పేరు రాయాలంటే ఇప్పుడు ఏ పనికి కూర్చున్నానో నాకు తేలాలి. తేలకపోతే చెయ్యి ఆగిపోతుంది. ఆ ఒక్క క్షణమే నాకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. రంగురంగుల రిపోర్టులు దాని తర్వాతే.

అయితే మొదటి నెలల రిపోర్టు మాత్రం నా కళ్లు తెరిపించింది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు మర్నెల 11, లెక్క తేల్చి పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి గడువు 20. కొనుగోళ్లు సరిచూసుకునే 2బి స్టేట్‌మెంట్ 14న వస్తుంది. అందుకే 14 నుంచి 20 దాకా ఒకటే టెన్షన్. ఆ వారమంతా లెక్కలతోనే గడిచిపోతోందని మా ఇంట్లోవాళ్లూ, నేనూ అనుకునేవాళ్లం. రిపోర్టులో చూస్తే రిటర్న్ వేయడానికి పట్టింది కొంచెమే. 2బితో సరిచూడటానికి ఇంకాస్త. అన్నిటికంటే పెద్ద ముక్క ‘బిల్లుల కోసం ఫోన్లు’. ‘సాయంత్రం పంపిస్తానండీ’ అన్నవాళ్లకు మర్నాడు మళ్లీ చేయడం, వచ్చిన ఫొటో మసగ్గా ఉంటే ఇంకోసారి అడగడం. సీజన్‌లో మిర్చి యార్డు వ్యాపారులు పొద్దున్నుంచీ సరుకు దగ్గరే ఉంటారు. ఫోన్ ఎత్తరు, ఎత్తినా ‘తర్వాత మాట్లాడదాం మేడమ్’ అంటారు. నేను మాత్రం పొద్దున్నే, నా బుర్ర బాగా పనిచేసే వేళలో, వాళ్లకు ఫోన్లు చేస్తున్నాను.

ఇప్పుడు ఫోన్లన్నీ సాయంత్రం నాలుగు దాటాకే. పొద్దున పూట 2బి, నోటీసులకు జవాబులు. బిల్లులు ఐదో తారీఖు లోపు పంపమని అందరికీ చెప్పాను. విడివిడి ఫొటోలు పంపేవాళ్ల పనికి ఎన్ని గంటలు పడుతోందో రిపోర్టు తీసి చూపించి ఫీజు పెంచాను. చాలామంది సరేనన్నారు. ఒకరు వేరేచోటికి వెళ్లిపోయారు. ‘రిటర్నే కదా, ఎంతసేపు పడుతుంది?’ అని అడిగేవాళ్లకు ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది.

కొన్నాళ్లు ఇంటి పనులు కూడా అందులో రాశాను. వంట, చదువు, అమ్మ. ‘అమ్మ’ అనే ఎంట్రీని మాత్రం తీసేశాను. ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే ఫోన్‌లో అంకెలు పరుగెత్తుతున్నాయని గుర్తొచ్చేది, మనసు అటే లాగేది. ఆఫీసు గంటలు లెక్కపెట్టుకున్నదే ఆ సాయంత్రాల కోసం. వాటిని కూడా లెక్కలోకి తేవడం నాకు నచ్చలేదు. మీరూ అన్నీ రాయకండి.

లోపాలు లేకపోలేదు. ఫోన్‌లో ఆపడం మర్చిపోతే రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. పొద్దున చూస్తే 2బి సరిచూడటానికి పది గంటలు! చేత్తో దిద్దుకోవాలి. కంప్యూటర్‌లో వేసుకునే యాప్ నయం, కాసేపు కీబోర్డు కదలకపోతే ఆ సమయాన్ని తీసేయమంటారా అని అడుగుతుంది. పనుల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు, నేను అలాగే రాస్తాను. ఐదుగురి వరకు ఉచితం, మాలాంటి ఆఫీసుకు డబ్బు కట్టే ప్లాన్ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మనం రాసేదంతా ఆ కంపెనీ సర్వర్లలో ఉంటుంది. అందుకని క్లయింట్ పేరు, జీఎస్టీ నంబరు ఎప్పుడూ రాయను. ఫైలు నంబరు వేస్తాను, అంతే.

అసిస్టెంట్‌ని కూడా చేరమన్నప్పుడు తను భయపడింది. ‘నేను ఎంతసేపు పనిచేస్తున్నానో చూడటానికా మేడమ్?’ అని అడిగేసింది. అడగాల్సిన ప్రశ్నే. నా రిపోర్టు ముందు తనకు చూపించాను. అప్పటినుంచి శనివారం సాయంత్రం ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాం. ఓటీపీల సంగతి పట్టుకున్నది ఆ అమ్మాయే. రిటర్న్ సిద్ధమయ్యాక ఓటీపీ వ్యాపారి ఫోన్‌కి వెళ్తుంది, ఆయన చెప్పేదాకా తను స్క్రీన్ ముందు కూర్చుని ఉండాలి. అలా కూర్చోవడానికే రోజులో ఎంత పోతోందో తనే లెక్క తీసింది. ఇప్పుడు ముందురోజే ఒక్కొక్కరికి టైమ్ చెప్పి మెసేజ్ పెడుతుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల తర్వాత వరుసగా ఫోన్ చేసి ఓటీపీలు తీసుకుని ఫైల్ చేసేస్తుంది. 20వ తారీఖున కూడా ఏడింటికల్లా ఇంటికి వెళ్తోంది.