సెకండ్ హ్యాండ్ డస్టర్: అమ్మ నడుం ఒప్పుకున్న బండి

రెనో డస్టర్ పొడవెంత, డిక్కీ ఎంత, అద్దాలు తిప్పే మీట ఎక్కడుంటుంది లాంటివి నేను రాయను. పాత బండి కోసం వెతుకుతున్నవాళ్లకు అవన్నీ ఈపాటికి తెలిసే ఉంటాయి. ఇన్నేళ్లు నడిపాక నాకు చెప్పాలనిపించేది దాని సస్పెన్షన్ గురించే, అంటే రోడ్డు కుదుపు లోపలికి తగలకుండా చూసే స్ప్రింగులు, షాకబ్జర్ల గురించే.

మా అమ్మకు నడుం దగ్గర డిస్కు జరిగింది. కుదుపులు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. మా ఊరేమో సాలూరు దాటి లోపలికి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా ఎలాగోలా వెళ్లిపోవచ్చు. హైవే దిగాకే అసలు బాధ, వానలకు కొట్టుకుపోయి రాళ్లు తేలిన రోడ్డు. మునుపటి చిన్న కారులో వెళ్లొస్తే అమ్మ రెండు రోజులు మంచం దిగేది కాదు. చివరికి పండక్కి రమ్మన్నా "మీరెల్లండ్రా, నాను రాలేను" అనేది.

డస్టర్ కొన్నాక తొలిసారి ఊరెళ్తున్నాం. గెడ్డ దగ్గర గుంతలన్నీ దాటేశాక వెనక సీట్లోంచి అడిగింది: "రోడ్డేసీసేరేట్రా?" వెయ్యలేదు. అదే రోడ్డు, అవే గుంతలు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ బండి చక్రాలకు పైకీ కిందికీ ఆడే జాగా ఎక్కువ. టైరు 215/65 ఆర్16, అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం కాబట్టి రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు దండిగా ఉంటుంది. నేలకీ బండికీ మధ్య 205 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. గుంతలో దిగినప్పుడు స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి దబ్బుమనడం అరుదు. పైకి లేచాక షాకబ్జర్లు ఒక్క ఊపుతో బండిని నిలబెట్టేస్తాయి, రెండో ఊపు రాదు. నడుం నొప్పి ఉన్నవాళ్లను చంపేది ఆ రెండో ఊపే.

ఏ ఏడాది బండి అన్న దగ్గర నేను చాలా తిరిగాను. ఇక్కడ డస్టర్ 2012లో వచ్చింది. 2014లో నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఏడబ్ల్యూడీ దిగింది. దానికి వెనక చక్రాలు కూడా వేటికవే కదులుతాయి కాబట్టి కుదుపు ఇంకా తక్కువ. మనసు అటే లాగింది కానీ మన వైపు ఆ వెనక భాగం విప్పి సరిగ్గా బిగించే చెయ్యి దొరకడం కష్టమని వదిలేశాను. 2016లో ముఖం మార్చి, 110 హార్స్ పవర్ డీజిల్లో గేర్లు తనే మార్చుకునే ఏఎంటీ కూడా ఇచ్చారు. 2020లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక డీజిలే తీసేశారు, పెట్రోలు మాత్రమే మిగిలింది. నేను తీసుకున్నది 2014 నాటి 85 హార్స్ పవర్ డీజిల్. కాగితం మీద 110ది గొప్పగా కనిపిస్తుంది గానీ, ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు దాటేదాకా అది అందుకోదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లోనూ, సుంకి ఘాట్ మలుపుల్లోనూ 85 నాకు ఎక్కువ సుళువనిపించింది.

ఏ ఏడాదిది చూసినా ఎయిర్‌బ్యాగ్ లేని వేరియంట్ మాత్రం వద్దు. 2017లో కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అది లేని డస్టర్‌కు పెద్దల భద్రతలో సున్నా స్టార్లు, డ్రైవరు వైపు ఒకటి ఉన్నదానికి మూడు స్టార్లు వచ్చాయి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న ఆంక్ష వల్ల అక్కణ్నుంచి చవగ్గా వచ్చేవి. ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు లెక్కేసుకుంటే ఆ చవక చాలావరకు కరిగిపోయేది. నాకు లోకల్ నంబరే నయమనిపించింది.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. కొన్నేళ్లకు ముందు చక్రాల దగ్గర టకటక మొదలైంది. అరిగేవి అరుగుతాయి, అందులో వింత లేదు. టౌన్లో ఒక గ్యారేజీలో చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌లు కొత్తవి వేయించాను. చప్పుడు పోయింది గానీ బండి బిగుసుకుపోయింది. చిన్న స్పీడ్ బ్రేకరు కూడా వెన్నులోకి తగిలేది. టైర్లలో గాలి తగ్గించి చూశాను, లాభం లేదు. గ్యారేజీవాళ్లు షాకబ్జర్లు నాలుగూ మార్చాలన్నారు. ఆ వారం ఊరెళ్తే సగం దారిలోనే అమ్మ నడుం పట్టుకుంది. "బండి మారిపోనాదిరా" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఏ సుఖం కోసం కొన్నానో అదే పోయింది.

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండిని జాకీ ఎక్కించలేదు. గొయ్యి మీదికి తెచ్చి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి, తను కిందికి దిగి ఆర్మ్ బోల్టు వదులు చేశాడు. టక్‌మని చప్పుడైంది. బానెట్ కాస్త కిందికి దిగడం పక్కన నిలబడ్డ నాకు కనిపించింది. "చక్రాలు గాల్లో ఏలాడతన్నప్పుడు బిగించీసేరు బాబూ" అన్నాడు. ఆ బుష్‌లో రబ్బరు లోపలి ఇనప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే గొట్టం కదలదు, అటూ ఇటూ మెలి తిరిగేదంతా రబ్బరే. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగేసరికే రబ్బరు సగం మెలి తిరిగి ఉంటుంది. దాంతో బిగుసుకుపోతుంది, తొందరగా చిరిగిపోతుంది కూడా. బండి బరువు చక్రాల మీద ఉండగానే ఆఖరి బిగింపు పడాలి. రెండు వైపులా అలాగే బిగించి ఇచ్చాడు. కొత్త సామాను ఒక్కటీ వెయ్యలేదు. ఆనందపురం దాటకముందే నాకు పాత బండి తిరిగొచ్చిందని తెలిసిపోయింది.

ఇలాంటి రబ్బరు బుష్‌లున్న ఏ బండికైనా వర్తించే పని ఇది. మీరు చూస్తున్న పాత బండి కుదిపేస్తుంటే షాకబ్జర్లు పోయాయని ధర తగ్గించి వదిలేయకండి. బుష్‌లు ఈమధ్య మార్చారేమో అడగండి.

కొన్న కొత్తలో "దీనికి గుంతలంటే లెక్కే లేదు" అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ని. ఇప్పుడు "బుష్‌లు సరిగ్గా ఉన్నన్నాళ్లూ" అని కలుపుతున్నాను. స్టీరింగ్ బరువే. సిరిమాను పండగ రోజు కోట చుట్టూ ఇరుకులో తిప్పితే భుజం తెలుస్తుంది. డీజిల్ ఇంజనుకు గడువుకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు ఉంది, పాత యజమాని మార్చినట్టు బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు మీదే అనుకోండి. సామాను కోసం నేను విశాఖపట్నం వెళ్లాల్సిందే. నాకు అది రెండు గంటల దారి, పైగా నెలకోసారి ఎలాగూ పని పడుతుంది, అందుకని సాగిపోతోంది.

పలాసలో మా బావ ఇదే కొంటానంటే వద్దన్నాను. వాళ్లింట్లో ఏడుగురు, ఇందులో పట్టేది ఐదుగురు. పైగా అక్కణ్నుంచి ప్రతి బుష్‌కీ గాజువాక రావడం కుదరదు. అదే మా వీధిలో, మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని నెలనెలా పార్వతీపురం తీసుకెళ్లే ఆయన అడిగితే మాత్రం, 2014, 15ల్లో 85 డీజిల్ ఎయిర్‌బ్యాగులతో దొరికితే చూడమన్నాను. బేరానికి ముందు ఆవిడనే వెనక సీట్లో కూర్చోబెట్టి, గతుకుల దారిలో ఓ చుట్టు తిప్పి తెమ్మన్నాను.