లంబసింగి: మంచు సరే, తొమ్మిది దాటాక ఊరు చూశారా?

లంబసింగి గురించి ఎవరు రాసినా తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించేస్తారు. మబ్బులు, టీ, సెల్ఫీ, తిరుగు ప్రయాణం, అంతే. నా రివ్యూలో సగం పైగా ఆ తర్వాత కనపడే ఊరి గురించే ఉంటుంది, ఎందుకంటే నాకు నచ్చింది అదే. మబ్బుల ఫోటోలే కావాలంటే ఇన్‌స్టాలో బోలెడున్నాయి.

తెలియనివాళ్ళ కోసం: అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. నర్సీపట్నం నుంచి 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది, డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలు. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం, రాత్రిళ్ళు ఆకాశం తేటగా ఉంటే కొండల మీది చల్లగాలి కిందికి జారి ఆ పల్లంలోనే ఆగిపోతుంది, అందుకే డిసెంబరు, జనవరుల్లో మైదానంలో స్వెట్టర్ కూడా అక్కర్లేని రోజున ఇక్కడ పళ్ళు కటకటలాడతాయి. ఈ చలి వార్తల్లో వచ్చే అంకెలు చాలావరకు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు చెప్పేవే. ఆంధ్రా కాశ్మీర్ అనే పేరు చూసి మంచుగడ్డలు విసురుకోవచ్చని పిల్లలకి ఆశ పెట్టకండి, ఇది పొగమంచు.

ముందు మేం దిగిన టెంట్ క్యాంపు సంగతి చెప్పేస్తా. పేరు రాయను, అన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయని పక్క టెంట్లవాళ్ళు అన్నారు. దుప్పట్లు తేమగా ఉన్నాయి, వేడినీళ్ళు అడిగితే బకెట్ లెక్కన డబ్బులు, చలిమంట ప్యాకేజీలోనే అని ఫోన్లో చెప్పి తీరా వెళ్ళాక కట్టెలకి వేరేగా అడిగారు. అర్ధరాత్రి దాకా సౌండ్ బాక్సులు. కొండల మధ్య నిశ్శబ్దం కోసం వెళ్ళినవాడికి అది నరకం, పక్కనే ఇళ్ళల్లో పొద్దున్నే పొలానికి పోవాల్సినవాళ్ళ గతేంటో. బొంగు చికెన్ మాత్రం బాగుంది, నూనె చుక్క లేకుండా వెదురు బొంగులో తన నీటిలోనే ఉడికిన ముక్క, ఆకు తీయగానే వచ్చే ఆ పొగ వాసన. ముందే ధర అడిగి చెప్పించుకోండి, వండటానికి టైమ్ పడుతుంది.

చెరువులవేనం వ్యూపాయింట్‌కి అందరూ వెళ్తారు, వెళ్ళండి, వారాంతంలో అయితే మబ్బులకంటే తలకాయలే ఎక్కువ కనపడతాయి.

ఇక తొమ్మిది తర్వాత. కార్లన్నీ దిగిపోయాక ఊరు తన పనిలో పడుతుంది. మొదట స్ట్రాబెర్రీ తోటలు. బోదెల మీద నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, దానికి చిల్లులు పెట్టి ఒక్కో మొక్క నాటుతారు, పండు మట్టికి తగలకుండా ఆ షీటు మీదే వాలి ఉంటుంది. పిలకలు మహారాష్ట్ర నుంచి తెప్పిస్తారు, వానలు తగ్గే వేళకి నాటితే డిసెంబరు నుంచి పండ్లు. ఒక చిట్కా: పెద్దవి చూసి మోసపోకండి, తొడిమ దాకా ఎర్రబడినవి ఏరుకోండి, సగం తెల్లగా కోసిన పండు ఇంటికెళ్ళాక రంగు కాస్త తిరుగుతుందేమో గానీ తీపి రాదు.

స్ట్రాబెర్రీ నిన్నమొన్నటి పంట. ఇక్కడి అసలు బతుకు కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, అవే చెట్లకి పాకిన మిరియాల తీగలు. ఒకావిడ కాఫీ కోస్తుంటే కాసేపు నిలబడి చూశాను. గుత్తిలో ఎర్రవి మాత్రమే వేళ్ళతో తిప్పి లాగుతోంది, పచ్చివి అలాగే వదిలేస్తోంది, వాటికోసం మళ్ళీ రావాలి. "ఏటి బాబూ, ఏటైనా కొంటారా, ఫోటోలేనా?" అంది. ఎండు మిరియాలు కొన్నాను, మా ఊళ్ళో పచారీ కొట్లో దొరికే వాటికీ వీటికీ ఘాటులో పోలికే లేదు. ఇళ్ళ ముందు టార్పాలిన్ల మీద తొక్క తీసిన కాఫీ గింజలు ఆరబోసి ఉంటాయి, పక్కన తొక్కల కుప్ప పులిసిన వాసన. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది, కాఫీ కూడా కొంటుంది, దళారులూ వస్తారు. ఇదే జిల్లాలోని అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ, అంటే ప్రాంతం పేరు మీద దక్కే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత కాఫీ పండే చోట మేం ఆగిన టీ బడ్డీలో మాత్రం ప్యాకెట్ చింపి కలిపే ఇన్‌స్టెంట్ కాఫీయే ఇచ్చారు! స్థానిక గింజల ఫిల్టర్ కాఫీ ఎవరైనా పెడితే నేను మొదటి గిరాకీని.

వలిసె పూల పసుపు చేలు రోడ్డు పక్కన కనిపిస్తే ఆగుతారు కదా, అవి నూనె తీసే పంట, తోట కాదు. మా ముందే ఒక గుంపు రీల్ కోసం చేను మధ్య దాకా తొక్కుకుంటూ పోయింది. రైతు ఫోటోకి ఇంత అని అడిగితే గొణుగుతున్నారు, నాకైతే న్యాయంగానే అనిపించింది.

టైమ్ ఉంటే తాజంగి రిజర్వాయర్, అలాగే చింతపల్లి. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం తుపాకుల కోసం దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే.

ఎవరు వెళ్ళొచ్చు? వారం మధ్యలో సెలవు దొరికేవాళ్ళు, నడవగలిగేవాళ్ళు, మధ్యాహ్నం వరకు ఉండే ఓపిక ఉన్నవాళ్ళు. ఘాట్ మీద రాత్రి డ్రైవింగ్ వద్దు, పొగమంచులో మలుపు కనపడదు. సాయంత్రం వెలుగు ఉండగానే ఎక్కేయండి. చేతిలో చిల్లర పెట్టుకోండి, సిగ్నల్ లేకపోతే ఫోన్ పే పనిచేయదు.

టెంట్‌కి ఐదుకి రెండు. ఊరికి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే, ఇన్ని వేలమంది వచ్చే చోట ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళగలిగే మరుగుదొడ్డి మాకు ఒక్కటీ కనపడలేదు.