పడవ మోటారు ఎత్తడానికి కొక్కెం కర్రా, గిలక తాడా?
తిరుపతి జిల్లా తడ వైపు పులికాట్ సరస్సులో చాలాచోట్ల నీరు నిలువెత్తు కూడా ఉండదు కనుక, తెరచాప విప్పాక అవుట్‌బోర్డ్ మోటారును (పడవ వెనుక బయటివైపు తగిలించే ఇంజన్‌ను) పైకి లేపకపోతే దాని పంకా బురదలో దిగబడుతుంది.

వెదురు కర్రకు ఇనుప కొక్కెం బిగిస్తే ఖర్చు దాదాపు ఉండదు. అయితే పాతిక కిలోల మోటారును అంచు మీదుగా వంగి లాగాలి, కొక్కెం జారిందా, మోటారు దబ్బున పడుతుంది.

గిలకలతో ఆ భయం తక్కువ. పడవ వెనుక కమ్మీకి తాడు కొస ముడివేసి, మోటారుకు కట్టిన గిలక గుండా దాన్ని పోనిచ్చి, కమ్మీకే ఉన్న రెండో గిలక మీదుగా లాగితే, రాపిడిని పక్కన పెడితే సగం బలమే చాలు. తాడు మాత్రం రెండింతలు లాగాలి, అదేమంత కష్టం కాదు. బావి దగ్గరి పాత ఇనుప గిలక ఉప్పునీటికి తుప్పుపట్టి బిగుసుకుపోతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనాలి. నా మొగ్గు దీనికే. తాడు తెగితే అక్కరకొస్తుందని కర్రనూ పడవలో ఉంచుకోవచ్చు.